రెండో గురుతు

భోగాపురం దిగువన సముద్రపుటొడ్డు పాలెం, మధ్యాహ్నం వేళ. పాకలో వల బాగుచేసుకుంటున్న ఎర్రన్న, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకున్న మనవరాలు గౌరి, పొయ్యి దగ్గర ఎర్రన్న పెళ్ళాం బుల్లమ్మ. ముగ్గురిలో ఎవరి మాటా పూర్తిగా నమ్మనక్కరలేదు.

"మళ్ళీ అదే అడగతన్నావేటే గుంటా? నిన్న సెప్పాను కదా."

"నిన్న చెప్పావు, మొన్నా చెప్పావు. ఇంకోసారి చెప్తే నీ నోట్లో ముత్యాలు రాలిపోవు కదా తాతా."

"సెప్పిందే మళ్ళీ సెప్పించడం పోలీసోళ్ళ పని. నువ్వు పోలీసు పరీచ్చకేటైనా కట్టావా?"

"ఆట కోసం తాతా. సోమవారం కాలేజీలో అందరి ముందూ చూపించాలి. ఆటలో దొంగబండ ఉంది. దాని మీదకి పడవ వెళ్ళాలంటే గురుతులు కావాలి."

"ఆట పేరు సెప్పి నా గురుతులు లాగతన్నావు. నాకు తెలవదనుకున్నావా? నీళ్ళ కింద బండ, బండ సుట్టూ సేపలు. ఈ ఊళ్ళో దాని గురుతులు తెలిసినోడిని నానొక్కడినే. అవి ఆ పెట్టిలోకి ఎల్లిపోతే ఊరందరివీ అయిపోతాయి."

"ఊరికెందుకు చెప్తాను?"

"ఆ మాటే అడగతన్నాను. ఎవుడికి సెప్తావు?"

"ఎవరికీ చెప్పను. మా సర్ అడిగారు, సముద్రం మధ్యలో చోటు ఎలా కనుక్కుంటారూ అని. ఒడ్డు మీద దగ్గరిదొకటి, దాని వెనకాల దూరానిదొకటి, ఒకదాని మీద ఒకటి కూర్చున్నట్టు కనపడాలి సర్, అదొక గీత, అలాంటిదే ఇంకో పక్క ఇంకో గీత, రెండు గీతలూ కలిసిన చోట బండ, అన్నాను."

"ఆ మాట సర్‌కి సెప్పీసావా!"

"పద్ధతి చెప్పాను. గురుతులు చెప్పలేదు."

"పద్దతి సెప్పినోళ్ళు గురుతు సెప్పరేటి? ఒసే బుల్లీ, ఇన్నావా నీ మనవరాలి మాట?"

"ఇన్నాను గానీ, ఆ పెరట్లో తెప్ప దుంగలు ఇయ్యయ్యా పొయ్యిలోకి. ముక్కిపోతన్నాయి. తెప్పేసి ఎన్నాళ్ళయిందో నీకే తెలవదు."

"దాని జోలికొచ్చావంటే నాను ఊరుకోను."

"ఊరుకోవని తెలుసు. అందుకే తాటి కమ్మలు కాలుస్తన్నాను."

"తాతా, మాట మార్చకు. గురుతు చెప్పు."

"నీ ఆట ఏపాటిదో నాకు తెలవదేటి? మొదట్లో ఆ పెట్టిలో ఏటుండేది? ఒక సుక్క. మీట నొక్కితే ఎగిరేది. ఆ సుక్క సూడ్డానికి ఇంటిల్లిపాదినీ పిలిచావు. మీ మామ్మయితే దిష్టి కూడా తీసింది."

"అందరం చుక్కతోనే మొదలెట్టాం తాతా. అది ఎగరడానికి నాకు ఎంత కష్టమయిందో నీకేం తెలుసు?"

"తరవాత పడవెట్టావు. పడవ ఆకాశంలోకి ఎల్లిపోయింది."

"ప్లస్సు పెట్టాల్సిన చోట మైనస్సు పెట్టాను. ఒక్క గీత తేడా."

"దసరాకి సూస్తే అదే పడవ ఎద్దుమూపు కొండలోంచి దూరి అటేపు వచ్చీసింది."

"అప్పటికి మాకు ఢీకొట్టడం నేర్పలేదు. కొండ అడ్డమొస్తే ఆగాలని పడవకి మనమే రాయాలి. అదేం తనంతట తనకి తెలీదు."

"డీకొట్టడం ఒకరు నేర్పాలేటి? మీ మామ్మ ఎవుడూ నేర్పకుండానే నేర్చుకుంది."

"ఇనపడతన్నాది."

"ఇనపడాలనే అన్నాను."

"ఇప్పుడన్నీ వచ్చు తాతా. గాలి వచ్చు, అలొచ్చు, పోటొచ్చు. ఆడేవాడు ఎటు తిప్పితే కథ అటు వెళ్తుంది. మా చదువే అది."

"దానికి కాలేజీ ఎందుకే? నా కతలు కూడా ఎవుడు ఎటు తిప్పితే అటు ఎల్తాయి. ఆ పెద్ద సేప కత సెప్తాను, ఇనుకో."

"గురుతు చెప్పమంటే చేప కథ చెప్తావేంటి."

"ఇనుకోమన్నానా. దాని కన్ను ఆ పొయ్యి మీది డేక్సా గిన్నె అంత ఉన్నాది. నన్ను సూసింది, నాను దాన్ని సూసాను. గేలం మింగీసి పరుగెట్టింది సూడు, తెప్పతో సహా నన్ను లాక్కుంటా కళింగపట్నం దాటించింది, బారువ దాటించింది. పొద్దెక్కేటప్పటికి గోపాల్‌పూర్ కాడ ఒడిశా వోళ్ళు ఒడ్డు మీద నిలబడి 'భాతొ ఖాయిబొ?' అని కేకేస్తన్నారు. అన్నం తింటావా అని. తిందును గానీ, సేప ఆగితే కదా! సెయ్యూపీసి ఎల్లిపోయాను."

"సముద్రం మీద నుంచి నీకు వాళ్ళ కేక వినపడిందా?"

"ఆకలి మీదున్నోడికి అన్నం మాట ఎంత దూరమైనా ఇనపడతాది. అప్పుడు మేం తాడు ఇలగ నడుముకి సుట్టుకుని..."

"మేమా?"

"ఏటి?"

"మేం అన్నావు. ఎప్పుడూ ఒక్కడినే అంటావు."

"నానూ, తెప్పా."

"తెప్ప తాడు పట్టుకుంటుందా?"

"మా తెప్ప పట్టుకునేది. ఇప్పటి ఫైబరు బోట్లకి ఆ బుద్దులు రావు."

"సరే, ఆఖరికి ఏమయింది?"

"ఏటవుద్ది, తాడు తెగిపోయింది."

"పోయినసారి చేప కొరికేసిందన్నావు."

"కొరికితే తెగదేటి?"

"తెగిందా, కోసారా?"

"నువ్వు పొయ్యి సూసుకోయే బుల్లీ! మాటకి మాట అడ్డు."

"సూసుకుంటన్నాను. నాకేటి."

"తాతా. ఆఖరుసారి. గురుతులు చెప్పు, ఇంక అడగను."

"అడగవు కదా?"

"అడగను."

"మొదటిది, పోలమ్మ గుడి నెత్తి మీద ఎద్దుమూపు కొండ మూపు కూకోవాల. నెత్తిన తట్ట ఎట్టుకున్నట్టు. అటూ ఇటూ జారకూడదు."

"నెత్తిన తట్ట. రెండోది?"

"రెండోదా... రెండోది... దక్షిణం పక్క సూడాల. తుపాను షెల్టరు ఉన్నాది కదా. దాని ఎనకాల సెల్లు టవరు లేవాల. నిలువునా."

"సరే."

"సరే ఏటి?"

"సరే అన్నాను తాతా."

"ఎప్పుడూ అడ్డుపుల్ల ఎట్టేదానివి, ఇవాళ సరే అంటన్నావు. నాకు నీ సరే మీదే అనుమానంగా ఉన్నాది."

"నీకు నా మీద ఎప్పుడు అనుమానం లేదు? ఇదిగో, చూడు. నువ్వే ఆడు. ఈ బాణాలున్న మీటలు నొక్కితే పడవ వెళ్తుంది."

"తెడ్డేదీ?"

"ఆ మీటే తెడ్డు."

"అబ్బో. ఈ వయసులో మీటలు... ఇసకేటే ఇంత పసుపు? ఎవుడైనా పసుపు నీళ్ళు పోసాడేటి?"

"అది మార్చాలి, తెలుసు. ఎండలో ఫోటో తీసి రంగు తీసుకున్నాను, తేడా వచ్చింది. నువ్వు వెళ్ళు."

"ఎల్తన్నాను... ఒసే, ఇదేటి, నాను తిన్నగా తోస్తంటే ఉత్తరానికి పోతన్నాది?"

"నీటి లాగుడు. ఎండలు ముదిరితే నీరు ఉత్తరానికి లాగుతుందని నువ్వే చెప్పావు కదా. ఈ వారమే పెట్టాను. తెడ్డు వదిలేస్తే పడవ పక్కకి కొట్టుకుపోతుంది."

"ఓలమ్మ! నిజంగానే పోతన్నాదే! బుల్లీ, సూడే, ఈ గుంట సముద్రాన్ని అచ్చం దింపీసింది."

"బాగుంది కదా?"

"బాగుందని సెప్పనేదు. దింపీసిందన్నాను. ఇంత బాగా దింపినోళ్ళు బండని దింపరేటి? అదీ నా బయం... ఇదిగో పోలమ్మ గుడి. ఎనకాల కొండ. ఇంకా జరగాల... జరగాల... కాసింత ఎనక్కి... ఇదిగో, మూపు కూకుంటన్నాది, కూకుంటన్నాది..."

"'వచ్చిందోయ్!'"

"ఓలి! ఎవుడే అది?"

"ఎవరూ లేరు తాతా, భయపడకు. గురుతు సరిపోతే అలా కేక వస్తుంది. సౌండు."

"ఇంకోపాలి ఎయ్యి."

"ఏంటి?"

"ఆ కేక. ఇంకోపాలి."

"గురుతు తప్పించి మళ్ళీ రావాలి... వద్దు తాతా, ముందుకెళ్ళు. బండ ఇంకా..."

"ఎయ్యమన్నానా!"

"'వచ్చిందోయ్!'"

"బుల్లీ. ఇన్నావా?"

"ఇన్నాను."

"ఎవుడు?"

"నన్నడుగుతావేటయ్యా. నీ సెవులు బాగానే ఉన్నాయి కదా."

"గంగరాజు. ఆ గొంతు గంగరాజుది. బొంగురుపోయింది గానీ ఆడిదే. ఆ 'ఓయ్' సివర్న అలగ పైకి లేపీది ఈ ఒడ్డు మొత్తం మీద ఆడొక్కడే. ఒసే గౌరీ, ఆడి గొంతు నీ పెట్టిలోకి ఎలగొచ్చింది?"

"అది..."

"నాన్సకు!"

"మా ప్రాజెక్టుకి ఇద్దరేసి ఉండాలి. సర్ జతలు వేశారు. నాకు జతగా వెంకీ వచ్చాడు."

"ఏ ఎంకీ?"

"గంగరాజు తాత మనవడు. ఆ కేక వాడే రికార్డు చేసి తెచ్చాడు. సర్‌కి మీ గొడవేం తెలుసు? ఇద్దరూ ఒక ఊరే కదా, బస్సులో కలిసి వస్తారు కదా, బాగుంటుంది అన్నారు."

"బాగుంది! అదీ సంగతి. అందుకా రోజూ తాతా గురుతు, తాతా గురుతు అని నా ఎనకాల పడ్డావు. నా అన్నం తిని, నా కతలు ఇని, నా గురుతు తీసికెల్లి ఆడి మనవడి సేతిలో ఎట్టీసావు."

"పెట్టలేదు తాతా."

"ఆ గుంటడు రోజూ మన సందులోంచి ఎల్తంటే ఏటా అనుకున్నాను. ఈల ఏసుకుంటా ఎల్తాడు. దొంగ నాయాలు, ఈలేసినోడిని నమ్మకూడదు."

"వాడు ఈల వెయ్యడం కూడా తప్పేనా?"

"ఆడి తాత కూడా ఏసేవోడు! నన్ను ముంచిన రోజు కూడా ఈల ఏసుకుంటానే తెప్పెక్కాడు. మూసీ ఆ పెట్టి. సోమవారం నేదు, మంగళవారం నేదు. నువ్వా కాలేజీకి ఎల్లొద్దు."

"తాతా!"

"నా బండని అప్పగించీసింది! నా మనవరాలు! నా ఇంట్లో కూకుని!"

"అప్పగించడానికి నీ దగ్గరేముంది తాతా?"

"ఏటన్నావు?"

"నీ దగ్గరేముంది అన్నాను. కేకలెయ్యకుండా వింటే చెప్తాను."

"సెప్పనీయయ్యా. కూకో."

"కూకునే ఉన్నాను! సెప్పు."

"మాకు క్లాసులో ఒకటి నేర్పారు. ప్రోగ్రాములో తప్పెక్కడుందో తెలీకపోతే, అదే పని మళ్ళీ మళ్ళీ చేయించాలి. ప్రతిసారీ ఏది మారకుండా వస్తుందో అది గట్టిది. ఏది మారుతుందో, తప్పు అక్కడుంది. అందుకే నిన్ను రోజూ అడిగాను."

"నాను నీ పెట్టినా?"

"విను. మొదటి గురుతు నువ్వు ఎప్పుడు చెప్పినా అదే. పోలమ్మ గుడి, ఎద్దుమూపు కొండ. నెత్తిన తట్ట అన్న మాట కూడా మారలేదు. నిద్ర మధ్యలో లేపి అడిగినా అదే అన్నావు. రెండోది మాత్రం రోజుకో చోటికి పోయింది. ఒకసారి ఐసు ఫ్యాక్టరీ గొట్టం అన్నావు. ఆటలో గీత గీస్తే బండ వచ్చి మన పంచాయితీ ఆఫీసులో పడింది."

"పంచాయితీ ఆపీసులో సేపలుండవేటి? బాగా బలిసినవే ఉన్నాయి."

"నవ్వించకు. ఇంకోసారి జీడితోట అన్నావు. గీతలు కలవనే లేదు. ఇవాళ సెల్ టవరు. తాతా, నువ్వా బండ మీద గేలం వేసే రోజుల్లో మన పాలేనికి కరెంటే లేదు. టవరెక్కడిది?"

"కరెంటు నేకపోతే టవరుండకూడదేటి?"

"రెండో గురుతు నీకు తెలీదు కదా?"

"ఈ ముడి సూడు, ఎలగ సిక్కడిపోయిందో. ఎలకలు కొట్టీసినట్టున్నాయి ఈ వల."

"తాతా."

"ఎలకలే. పిల్లినొకదాన్ని తేవాల."

"మామ్మా, నువ్వైనా చెప్పు. ఎందుకు తెలీదు?"

"తెలుసుకోకూడదని ఒట్టు."

"బుల్లీ!"

"ఎన్నాళ్ళు దాస్తావయ్యా? ఇనుకోయే అమ్మీ. ఆ బండ మీ తాత ఒక్కడిదీ కాదు, గంగరాజు ఒక్కడిదీ కాదు. ఇద్దరూ ఒకే తెప్ప మీద ఎల్లేవోళ్ళు. ఇద్దరికీ కలిసే దొరికింది. దొరికిన రోజే ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి అనుమానం వచ్చీసింది. ఈడు నన్ను ఒగ్గీసి ఒక్కడే ఎల్లిపోతే ఏటీ అనీసి."

"ఆడు ఎల్లిపోయే రకమే."

"ఆ మాటే ఆడూ అన్నాడు. అందుకనీసి గుళ్ళో దీపం ముందు ఒట్టేసుకున్నారు. తెప్ప ముందుపక్క ఈయన కూకోవాల, ఎనకపక్క గంగరాజు. ఈయన గుడేపే సూడాల. గంగరాజు దక్షిణమేపే సూడాల. ఒకడి గురుతు ఇంకొకడు సూడకూడదు, అడగకూడదు. ఎవుడి గురుతు సరిపోతే ఆడు 'వచ్చిందోయ్' అని కేకెయ్యాల. రెండు కేకలూ ఒక్కపాలే పడితే, అక్కడ లంగరు రాయి దింపడం."

"అంటే నీ దగ్గర ఒక గీతే ఉంది."

"ఒక గీతున్నా అది నిజమైంది."

"గొడవెందుకొచ్చింది మరి?"

"ఆడు తాడు కోసీసాడు."

"చేప కథలో తాడా?"

"అదే. అంత సేప మళ్ళీ నా జన్మలో సూడనేదు. కళింగపట్నం దాకా లాక్కెల్లనేదనుకో, గానీ పెద్దదే. నా సేతికి అందేదాకా వచ్చీసింది. ఆడు ఎనకనుంచి కత్తి తీసి పుటుక్కున కోసీసాడు. తెప్ప మునిగిపోతాది అన్నాడు. మునగదు! నా సేప బాగా కనపడి కళ్ళు కుట్టాయి ఆడికి."

"ఆ సీలమండ మీద మచ్చ సంగతి కూడా సెప్పు."

"అది సొర కొరికింది."

"నాకు కూడా సొర అనే చెప్పాడు మామ్మా. నల్ల సొర."

"నల్ల సొరా కాదు, తెల్ల సొరా కాదు. తాడు. తాడు కాలికి సుట్టుకుని ఈయన్ని నీళ్ళలోకి ఈడ్చుకెల్లిపోతంటే గంగరాజు కోసాడు. కొయ్యకపోతే నీ అయ్య పుట్టీవోడే కాదు. నాకు ఆయాళ ఒడ్డు మీద సెప్పింది గంగరాజే. ఈయన సెప్పనేదు."

"కాలు నాది. కొయ్యమని నాను అడిగానేటి?"

"నీళ్ళ కిందనుంచి అడుగుతావేటి!"

"అప్పటినుంచీ మాట్లాడుకోలేదా?"

"నేదు. ఈయన తన గీత మీద ఒక్కడే తిరిగీవోడు, పొద్దుగూకేదాకా. ఆయన తన గీత మీద తిరిగీవోడు. బండ ఎవుడికీ దొరకనేదు. ఇంటికొచ్చి ఈయన కతలు సెప్పీవోడు, ఆయనా సెప్పీవోడు. ఆ బండే ఉంటే నా కొడుకు గుజరాత్ ఎల్లి ఇరావల్ రేవులో ఎవుడి బోటు మీదో ఎందుకుంటాడు? ఇక్కడే ఉండీవోడు."

"వల మీద ఏడవకే బుల్లీ. ఉప్పు పడితే పాడైపోతాది."

"పొగ. ఏడుపు కాదు."

"ఇప్పటి బోట్లకి జీపీఎస్ ఉంది కదా తాతా, దాంతో ఎవరూ వెతకలేదా?"

"అది తోవ సెప్తాది. సోటు సెప్పదు. సోటు మనం సెప్పాల."

"అయితే విను. వెంకీ కూడా వాళ్ళ తాతని రోజూ అడిగాడు. నేను నిన్ను అడిగినట్టే."

"అడిగాడా? ఆడేటి సెప్పాడు?"

"నీలాగే. ఒక గురుతు ఎప్పుడూ మారలేదు. ఇంకోటి రోజుకో చోటు. ఒకసారి విమానాశ్రయం గోడ కూడా అన్నాడట."

"విమానాల గోడా! మొన్న కట్టిన గోడ! అబద్దాలాడ్డం కూడా రాదు ఆడికి."

"సెల్లు టవరు సెప్పినోడివి నువ్వు నవ్వకు."

"నవ్వతానే. నాది టవరు, ఆడిది గోడ."

"తాతా, నీ గట్టి గీత ఒకటి, ఆయన గట్టి గీత ఒకటి, రెండూ తీసుకుని ఆటలో వేశాం. కలిశాయి. ఊళ్ళో కాదు, తోటలో కాదు. సముద్రంలో. ఒక చోట."

"కలిసీసాయా?"

"దొంగబండ దొరికింది తాతా."

"ఎంకీ గాడు సూసాడా?"

"ఇద్దరం కలిసే చేశాం."

"ఆడి తాత సూసాడా?"

"ఇంకా లేదు. ఇవాళ ఒకేసారి చూపిద్దాం అనుకున్నాం. నేను నీకు, వాడు వాళ్ళ తాతకి. వాడి ఫోన్లో కూడా ఈ ఆటే ఉంది. ఈపాటికి చూపిస్తూ ఉంటాడు."

"ఈపాటికి! ఒసే తింగరి గుంటా, ఎంత పని సేసావు! ఆడు రెండు గురుతులూ సూసీసుంటాడు. ఈపాటికి పడవ తోసీసుంటాడు. ఆడి ఇల్లు ఒడ్డుకి దగ్గర!"

"తాతా, ముందు నువ్వు చూడు. ఇదిగో, మళ్ళీ మొదట్నుంచీ. నువ్వు పడవలో కూర్చుని ఒడ్డుకేసి చూస్తున్నట్టు. కుడిపక్క నీ గుడి. ఎడంపక్క, దక్షిణం వైపు, ఆయన గురుతు. అదేంటంటే..."

"సెప్పకు!"

"ఎందుకు?"

"ఎలుతురు. ఎడంపక్క కళ్ళలో కొడతన్నాది. ఆ తువ్వాలు ఇలాగియ్యి."

"తువ్వాలు స్క్రీను మీద వేస్తావేంటి తాతా! సగం మూసుకుపోయింది. ఆయన గురుతు ఆ పక్కే ఉంది."

"ఎలుతురన్నానా?"

"పాకలో వెలుతురెక్కడుంది? కావాలంటే తగ్గిస్తాను, ఉండు..."

"ముట్టుకోకు. తువ్వాలు ముట్టుకున్నావంటే పెట్టి ఎత్తి సముద్రంలో పారీస్తాను. ఇలగే తోస్తాను. నీకేటి?"

"మూసుకుని తోస్తే బండ ఎలా దొరుకుతుంది?"

"గుడి... కొండ... ఇదిగో, తట్ట కూకుంది."

"'వచ్చిందోయ్!'"

"ఇప్పుడు ఆ గీత మీదే దూరంగా వెళ్ళు. ఆయన గురుతు సరిపోయినప్పుడు రెండో కేక రావాలి. నీ గురుతుకి ఆయన గొంతు పెట్టేశాం, వేరే లేదు. రెండోదానికి గొంతు లేదు తాతా, ఖాళీగా ఉంది. నిన్ను అడుగుదామనే ఉంచాను."

"నా గొంతా? ఆడి కేక పక్కన?"

"రెండూ ఒక్కసారి పడాలి కదా."

"నాను అరవను. ఆడు నా బండ మీద గేలాలు దింపతంటే నాను ఇక్కడ కూకుని పెట్టిలోకి అరవాలేటి? బుల్లీ, బయటికెల్లి సూడే. ఇంజను మోత ఇనపడతన్నాదా?"

"ఏ మోతా నేదు. నీ గుండె మోత అయ్యుంటాది."

"ఆడు తెడ్డు ఏసుకునే ఎల్తాడు, సప్పుడు నేకుండా. నాకు ఆడి సంగతి తెలుసు."

"ఫోను మోగుతోంది తాతా. వెంకీ."

"ఎత్తు. నాకినపడేలాగ ఎట్టు. ఎల్లిపోయాడని సెప్పడానికే సేస్తన్నాడు."

"హలో, చెప్పు వెంకీ."

"గౌరీ, ఇక్కడ నాకేం చెయ్యాలో తెలీట్లేదు. మా తాత..."

"ఎల్లిపోయాడా? పడవ తోసీసాడా? సెప్పరా గుంటడా!"

"ఎవరు, ఎర్రన్న తాతా? ఎక్కడికీ వెళ్ళలేదు తాతా. ఫోను ముందే కూర్చున్నాడు. గౌరీ, బండ దొరికింది అని చెప్పగానే ఫోను సగం చేత్తో మూసేశాడు. కుడిపక్క. నేను బతిమాలుతున్నాను, చెయ్యి తియ్యట్లేదు. 'అటేపు నాది కాదురా, నాను సూడకూడదు' అంటున్నాడు."

"కుడిపక్కా?"

"అవును, గుడి ఉన్న పక్క. మీ తాత చూశాడా? ఏమన్నాడు?"

"మా తాత... ఎడంపక్క తువ్వాలేసుకున్నాడు. వెలుతురట."

"ఓలయ్యా! ఎలుతురా! మావా, ఇటు సూడు. ఎలుతురా అది?"

"ఊరుకోయే బుల్లీ."

"ఎర్రన్న తాతా, మా తాత ఏదో అడగమంటున్నాడు. మీ పెరట్లో తెప్ప ఇంకా ఉందా, పొయ్యిలో పెట్టేశారా అని."

"ఉన్నాదని సెప్పు."

"ఉందట తాతా... ఎర్రన్న తాతా, ఎవరు ఎక్కడ కూర్చోవాలో మీకు గుర్తుందా అంటున్నాడు."

"ఆడికి గురుతుందేమో అడుగు ముందు! ముందుపక్క నాది, ఎనకపక్క ఆడిది. బేగి ఒడ్డుకి రమ్మను. కత్తి మాత్తరం ఇంటికాడ ఎట్టి రమ్మను."